ఇంటి వైఫైని పెరటి రేకుల షెడ్డుకు తీసుకెళ్లడం ఎలా

పెరటి చివరనో పొలం గట్టునో కట్టుకున్న రేకుల షెడ్డులోకి వెళ్లి తలుపు మూయగానే, అంతవరకూ ఫోనులో కనిపించిన వైఫై గీతలు మాయమవుతాయి. రౌటరుకు శక్తి చాలడం లేదనుకుని ఇంకా ఖరీదైనది కొనేవారు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ ఖర్చు పెట్టకండి. ఇనుప రేకు రేడియో తరంగాలను వెనక్కి తిప్పికొడుతుంది. కోళ్ల షెడ్డు పక్కలకు కొట్టే జాలీ కూడా వాటిని చాలావరకు ఆపుతుంది, ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు కాగా జాలీ కన్నాలు అంతకంటే ఎంతో చిన్నవి. రిపీటరును, అంటే అందిన వైఫైని తిరిగి ప్రసారం చేసే పరికరాన్ని, షెడ్డు లోపల పెట్టినా దానికి అందే సంకేతమే ఉండదు. కాబట్టి రేకు దాటించే పనిని తీగకు అప్పగించి, వైఫైని షెడ్డు లోపలే యాక్సెస్ పాయింటుతో, అంటే తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా మార్చే పరికరంతో, పుట్టించాలి.

దూరం 100 మీటర్ల లోపు ఉంటే క్యాట్ 6 అనే రాగి నెట్‌వర్క్ కేబుల్ సరిపోతుంది. కొనేటప్పుడు అది పూర్తి రాగిదో, రాగి పూత వేసిన అల్యూమినియమో తప్పక అడగాలి. రెండోది చవక, కానీ దూరం పెరిగేకొద్దీ సంకేతంలో నష్టం ఎక్కువ, పైగా త్వరగా తెగుతుంది. ఆరుబయటకు తయారైన నల్ల తొడుగు రకాన్ని పైపులో పెట్టి, పలుగూ పారా తగలనంత లోతున, కనీసం అడుగున్నర కింద పాతాలి. కరెంటు వైరు ఉన్న పైపులోనే దీన్ని దూర్చకూడదు. పైపులో ఒక నైలాన్ తాడు అదనంగా వదిలితే రేపు మరో తీగ లాగడం తేలిక.

అయితే ఇంటికీ షెడ్డుకూ వేర్వేరు ఎర్తింగ్ ఉన్నచోట నేను రాగిని కాదని ఫైబరునే, అంటే సంకేతాన్ని కాంతిగా మోసే గాజు పోగు కేబుల్‌నే, ఎంచుకోమంటాను. దగ్గరలో పిడుగు పడినప్పుడు రెండు ఎర్తింగుల మధ్య ఏర్పడే వోల్టేజి తేడా రాగి తీగ గుండా పారి, రెండు చివర్ల ఉన్న పరికరాలనూ కాల్చేయగలదు. గాజు పోగులో విద్యుత్తు పారదు. తొడుగులో ఇనుప తీగ లేని రకం తీసుకుంటే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. చివరలు అతికించడానికి స్ప్లైసింగ్ యంత్రం కావాలి, అది మీ ఊరి కేబుల్ నెట్ ఆపరేటరు దగ్గర సాధారణంగా ఉంటుంది. ఫైబరు కాంతిని మామూలు నెట్‌వర్క్ కేబుల్ సంకేతంగా, దాన్ని తిరిగి కాంతిగా మార్చే మీడియా కన్వర్టరును రెండు వైపులా ఒక్కోటి పెట్టాలి.

మధ్యలో సిమెంటు రోడ్డో కాలువో ఉండి తవ్వడం కుదరకపోతే తీగ లేకుండా రెండు చోట్లను కలిపే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి పరికరాలు జతగా దొరుకుతాయి. ఒకటి ఇంటి డాబా మీద, రెండోది షెడ్డు బయటి గోడకు, ఒకదానికొకటి ఎదురుగా బిగించాలి. నడుమ వేప కొమ్మ కూడా అడ్డు రాకూడదు, ఆకు రాలినప్పుడు కుదిరిన గురి చిగురు వేశాక తప్పవచ్చు. బయటి పరికరం నుంచి కేబుల్‌ను రేకు కన్నం గుండా లోపలికి తేవాలి. కన్నానికి రబ్బరు వాషరు వేసి, వాన నీరు తీగ వెంట లోపలికి జారకుండా కన్నం దగ్గర తీగను కాస్త కిందికి వేలాడదీసి పైకి మలపాలి.

లోపల యాక్సెస్ పాయింటును పైకప్పు రేకుకు ఆనించవద్దు. వేసవిలో ఆ వేడికి పరికరం దెబ్బతింటుంది. గోడకు చెక్క పలక బిగించి దాని మీద పెట్టడం మేలు. పాత రౌటరునే వాడుతున్నట్లయితే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడులోకి మార్చాలి, ఆ మోడు లేకపోతే దానిలో డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు చిరునామాలు పంచే పనిని, ఆపి, ఇంటి రౌటరు సహా వేరే ఏ పరికరానికీ లేని చిరునామా (ఇంటి రౌటరుది 192.168.1.1 అయితే, ఉదాహరణకు 192.168.1.2) ఇచ్చి, కేబుల్‌ను ల్యాన్ అని రాసి ఉన్న పోర్టుకు గుచ్చాలి. పేరు, పాస్‌వర్డ్ ఇంట్లోవే పెడితే ఫోను తనంతట తానే మారుతుంది.

గాడి పూడ్చకముందే షెడ్డు తలుపులు, షట్టరు పూర్తిగా మూసి వేగం చూడండి. అంతా సరిగా ఉన్నాక, పైపు వెళ్లిన దారిని ఇంటి గోడ నుంచి కొలిచి కాగితం మీద రాసి, ఫొటో తీసి, ఆ తర్వాతే మట్టి కప్పండి.