స్క్రాబుల్ ఆడేటప్పుడు డిక్షనరీ ఎలా వాడాలి?

అక్షరాల పలకలతో బోర్డు మీద ఇంగ్లీషు పదాలు పేర్చే ఈ ఆటలో గొడవంతా ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది: "అసలు అలాంటి పదం ఉందా?" అందుకే పలకలు సంచిలోంచి తీయకముందే, ఈ ఆటకు ఏ డిక్షనరీ ప్రమాణమో తేల్చేసుకోండి. ఆట మధ్యలో మార్చకూడదు. ఫోన్‌లో గూగుల్ చేసి చూడటం మాత్రం వద్దు, అక్కడ ఏ అక్షరాలు కొట్టినా ఏదో ఒకటి దొరుకుతుంది. మామూలు డిక్షనరీలో బహువచనాలూ, క్రియల రూపాలూ విడిగా ఉండవు కాబట్టి, వీలైతే స్క్రాబుల్ కోసమే వేసిన పదాల జాబితా వాడండి.

డిక్షనరీ ఉన్నది పదం సరిచూడటానికి, వెతుక్కోవడానికి కాదు. బోర్డు మీద పదం పెట్టాక, ఎదుటివాళ్లకు అనుమానం వస్తేనే తెరవాలి. పదం లేకపోతే పలకలు వెనక్కి తీసుకోవాలి, ఆ వంతు పోయినట్టే. పదం ఉంటే? అనుమానించినవాళ్లకు ఏం శిక్షో ముందే అనుకోండి. కొందరు వంతు పోగొడతారు, కొందరు పదం పెట్టినవాళ్లకు 5 పాయింట్లు ఇస్తారు. ఇంట్లో ఆడుకునేటప్పుడు ఏ శిక్షా లేకపోయినా ఫర్వాలేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లుంటే మాత్రం పదాలు వెతుక్కోకూడదని నేను పట్టుపట్టను. రెండక్షరాల పదాల జాబితా ఒక కాగితం మీద రాసి వాళ్ల పక్కనే పెడతాను. చేతిలో క్యూ ఉండి యూ లేదని టెన్షన్ పడే పిల్లాడికి ఆ కాగితంలో 'క్యూ, ఐ' (QI) అనే పదం కనిపిస్తుంది. రెండే పలకలు, 11 పాయింట్లు! ఆ పదానికి అర్థం ప్రాణశక్తి అని అప్పుడే చూపించండి, ఇక మర్చిపోడు.