రెండేళ్ల పిల్లలకి అద్దాల రైలు దండగా కాదా? ముందే తేల్చుకునే పద్ధతి

చలికాలం మొదలైతే చాలు, ఒడిశాలోని మా పర్లాకిమిడిలో వీధికొక అరకు ప్రయాణం తయారవుతుంది. "గుంటడికి రైలంటే ప్రాణం, అద్దాల రైలు ఎక్కిద్దాం" అంటారు. విశాఖలో రూము, టికెట్లు, కొత్త స్వెట్టరు అన్నీ కుదురుతాయి. తిరిగొచ్చాక అడిగితే, సగం దారి ఏడ్చాడనీ మిగతా సగం పడుకున్నాడనీ చెబుతారు. తప్పు రైలుది కాదు, పిల్లాడిదీ కాదు. ఈ వయసుకి, ఆ వేళకి ఆ ప్రయాణం సరిపోతుందా అని ఎవరూ ముందు చూడకపోవడమే తప్పు. చూడటానికి ఖర్చు దాదాపు లేదు, కొంచెం ఓపిక కావాలి, అంతే.

నేను చెప్పేది ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ల దాకా ఉన్న పిల్లల గురించి. అరకు వెళ్లే అద్దాల పెట్టెకి (గాజు కప్పున్న విస్టాడోమ్ బోగీ, దాన్నే అద్దాల రైలంటారు) చెబుతున్నా, విశాఖలో కైలాసగిరి మీద తిరిగే చిన్న రైలుకీ, పార్కుల్లో బొమ్మల మొహాలు పెట్టిన రైళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ప్లాట్‌ఫాం

పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ కొని, బండి వచ్చే వేళకి స్టేషన్‌కి తీసుకెళ్లండి. ఫోన్లో రైలు చూసి చప్పట్లు కొట్టే పిల్లకి రైలంటే ఇష్టమని అనుకోకండి. ఫోన్లో రైలు అరచేతిలో పడుతుంది, నేల అదరదు, హారన్ గుండెల్లో మోగదు. చంకనెత్తుకుని పసుపు గీతకి బాగా వెనక నిలబడి ఇంజను దగ్గరికి వచ్చేటప్పుడు పిల్ల మొహం చూడండి. భుజంలో మొహం దాచుకుని, మళ్లీ ఓరగా తొంగి చూసిందంటే చాలు, ఆ పిల్లకి రైలు పడుతుంది. ఒళ్లు బిగదీసుకుని ఏడ్చి, మర్నాడు స్టేషన్ గేటు దగ్గరే వెనక్కి లాగితే ఆరు నెలలు ఆగండి. భయం పోగొడతామని రోజూ తీసుకెళ్లి నిలబెట్టే తాతయ్యలున్నారు. దానివల్ల భయం ముదురుతుంది తప్ప తగ్గదు.

తర్వాత ఒక్క స్టేషన్

ప్లాట్‌ఫాం దాటాక మామూలు ప్యాసింజర్లో ఒక్క స్టేషన్ ప్రయాణం చేయించండి. మాకైతే పర్లాకిమిడిలో ఎక్కి పాతపట్నంలో దిగడమే, రాష్ట్రం మారిపోతుంది కానీ కూర్చున్నట్టే ఉండదు. మా లైనులో బండ్లు కొద్దే, తిరుగు బండి వేళ చూసుకోండి, లేకపోతే ఆటోలో రండి. బరంపురం వాళ్లు ఇచ్ఛాపురం వైపు, రాయగడ వాళ్లు పార్వతీపురం వైపు ఒక్క స్టేషన్ వెళ్లొచ్చు. కోరాపుట్ వాళ్లు జయపురం వైపు దిగితే ఘాట్, సొరంగాలు కూడా తగులుతాయి. అరకు వెళ్లే లైనే అది, కాబట్టి అంతకన్నా మంచి పరీక్ష లేదు.

పిల్లలకి మొదటి రైలు ప్రయాణం మా నౌపడ–గుణుపూర్ లైను లాంటి చిన్న లైనులోనే కావాలని నేను గట్టిగా చెబుతాను. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ దాకా వేయించిన రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య దూరం) లైను అది. 1931 నాటికి గుణుపూర్ దాకా సాగింది. ఇప్పుడు పెద్ద గేజి అయింది కానీ బండి తీరు మారలేదు. నెమ్మదిగా వెళుతుంది, ప్రతి చోటా ఆగుతుంది, పక్కనే చేలూ మేకలూ కనిపిస్తాయి. రెండేళ్ల కంటికి అందే దూరంలో అన్నీ ఉంటాయి. సెలవులు కదా అని తొలిసారే కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్ ఎక్కించే వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

ఈ ప్రయాణంలో పిల్ల ఎంత సంబరపడిందో లెక్కపెట్టకండి. కిటికీ వదిలేసి ఇటు ఎంతసేపటికి తిరిగిందో, తిరిగాక ఏం చేసిందో చూడండి. చాలామంది పిల్లలు కాసేపటికే కిటికీ వదిలి ఎదుటాయన చెప్పులు, శనగలమ్మే అబ్బాయి బుట్ట, పైన తిరిగే ఫ్యాన్ చూస్తారు. చిన్నపిల్లకి రైలంటే అదే. అద్దాల పెట్టెలో ఇవేవీ ఉండవు. ఏసీ, మూసిన అద్దాలు, తిరిగే సీట్లు, పైన గాజు కప్పు. ఆ కప్పు పెద్దవాళ్ల కోసం. ఒళ్లో కూర్చున్న రెండేళ్ల పిల్ల తల పైకెత్తి కొండ అంచు చూడదు, తన కళ్ల ఎత్తులో కదిలేదే చూస్తుంది. 2017లో విశాఖ–అరకు మధ్య ఆ పెట్టె వేసినప్పటి నుంచి, ఎక్కినవాళ్ల ఫోటోలు చూసి పిల్లలకి కూడా అంతే ఆనందమని అనుకోవడం అలవాటైపోయింది.

ఒక్క స్టేషన్ బాగా జరిగితే మరో ఆదివారం టెక్కలి దాకా, కుదిరితే నౌపడ దాకా వెళ్లండి. దిగేటప్పుడు పిల్ల చిరాకు లేకుండా ఉంటే మూడు, నాలుగు గంటల ప్రయాణం ఆలోచించొచ్చు. మధ్యలోనే దిగుతానని మారాం చేస్తే అరకు వద్దు. ఇందులో మినహాయింపులు పెట్టుకోకండి.

అసలు చిక్కు నిద్ర

ఇక్కడ నిదానంగా చదవండి. ప్రయాణాలు చెడేది ఎక్కువగా ఇక్కడే, మందీ, తిండీ, చలీ దీని తర్వాతే.

విశాఖ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే పగటి బండికే అద్దాల పెట్టె తగిలిస్తారు, అది పొద్దున్న ఏడు లోపే కదులుతుంది. అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు. మొదటి గంటకి పైన కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా మైదానమే. బొడ్డవర దాటాక ఎక్కడం మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. ఇనుప ఖనిజం కోసం 1960లలో జపాన్ సాయంతో వేసిన లైను ఇది, సొరంగాలు 58. శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. మీరు డబ్బు పెట్టేదంతా ఈ రెండు గంటల ముక్క కోసమే.

ఇప్పుడు పిల్ల వైపు నుంచి లెక్క వేయండి. ఇంట్లో ఏడింటికి లేచి మధ్యాహ్నం పన్నెండు దాటాక పడుకునే పిల్లని ఆ రోజు ఐదింటికే లేపుతారు. స్నానం, కొత్త బట్టలు, ఆటో, స్టేషన్ గోల. రెండు గంటలు ముందు లేచిన పిల్లకి మత్తు కూడా రెండు గంటలు ముందే, ఒక్కోసారి ఇంకా ముందే కమ్ముకుంటుంది. తొమ్మిది, తొమ్మిదిన్నరకి కళ్లు మూతపడతాయి. సరిగ్గా అప్పుడే సొరంగాలు. చీకటి పడగానే పెట్టెలో ఉన్న కుర్రాళ్లంతా కేకలు, ఈలలు. ఆ లైనులో అది మామూలే, ఎవరూ ఆపలేరు. మెలకువగా ఉన్న పిల్ల ఆ కేకలకి నవ్వుతుంది. సగం నిద్రలో ఉన్న పిల్ల ఉలిక్కిపడుతుంది, వెలుగు వచ్చి ఏడుపు ఆగేలోపు ఇంకో సొరంగం వస్తుంది. "మావాడికి చీకటంటే భయం" అని తిరిగొచ్చి చెప్పే అమ్మలకి నేను ఒక్కటే అడుగుతాను, ఆ రోజు ఎన్నింటికి లేపారు అని.

దీనికి ఒక్కటే మందు. పిల్లని లేపకూడదు. నిద్రలోనే రైలు ఎక్కించి, శృంగవరపుకోట దాకా పడుకోనిచ్చి, అక్కడ తనంతట తాను లేచేలా చూడాలి. అప్పుడు ఇడ్లీయో పెరుగన్నమో పెడితే కడుపు నిండి, నిద్ర తీరి, సొరంగాల దగ్గరికి చురుగ్గా వస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. పర్లాకిమిడి నుంచి వెళ్లేవాళ్లు ఎలాగూ ముందురోజే విశాఖ చేరాలి కాబట్టి స్టేషన్‌కి దగ్గరగా రూము తీసుకోండి, సముద్రం దగ్గర కాదు. ఆ సాయంత్రం బీచ్ పెట్టుకోవద్దు, ఇసుకలో తిరిగిన పిల్ల పదింటిదాకా పడుకోదు. ఎనిమిదింటికల్లా పడుకోబెట్టండి. మర్నాడు వేసుకోవాల్సిన బట్టలు రాత్రే తొడిగేయండి, మెత్తటి నూలువి. పొద్దున్న స్నానం లేదు, బొట్టు కాటుక లేవు, పాలు లేవు. డైపర్ రాత్రి నిద్ర పట్టాక మార్చాలి, బయల్దేరే ముందు కాదు. దుప్పటి కప్పి భుజాన వేసుకోండి. ఎత్తుకునేది రోజూ జోకొట్టే మనిషే అయి ఉండాలి. నాన్నకి బలం ఎక్కువని నాన్నకి ఇస్తే, అమ్మ భుజం అలవాటైన పిల్ల ఆటోలోనే లేస్తుంది. ప్లాట్‌ఫాం మీద ఎవరు పలకరించినా తలాడించి ఊరుకోండి. "బంగారం, రైలొచ్చింది చూడు" అని చెంప తట్టే అత్తయ్యలకీ పిన్నులకీ ముందురోజే చెప్పి ఉంచండి. ఫోటోలు అరకులో తీసుకోవచ్చు.

మధ్యలో కళ్లు తెరిస్తే మాట్లాడకండి, ఆడించకండి, ఫోన్ చూపించకండి. తల మీద చేయి వేసి మళ్లీ భుజానికి ఆనించండి. సగం మంది పిల్లలు మళ్లీ జోగుతారు.

మిగతా సగం మంది జోగరు. మీ పిల్ల ఏ రకమో ఇంట్లోనే తేలిపోవాలి. అరకు వెళ్లే ముందు వారంలో ఒక తెల్లవారుజామున ఐదున్నరకి పిల్లని నిద్రలోనే ఎత్తుకుని, ఆటోలో పర్లాకిమిడి స్టేషన్ దాకా వెళ్లి రండి. తిరిగొచ్చి పడుకోబెట్టాక కూడా నిద్ర సాగితే మీ ప్రయాణం బాగుంటుంది. పూర్తిగా లేచి ఇక పడుకోకపోతే మరో రోజు ఇంకోసారి చూడండి. రెండోసారీ అంతే అయితే పొద్దున్న బండి ఆ పిల్లకి పనికిరాదు. కావాలంటే వారం రోజులు రోజుకి పావుగంట చొప్పున పడుకునే వేళా లేచే వేళా ముందుకి జరపొచ్చని కొందరంటారు. ఇంట్లో పెద్దవాళ్ల అన్నాల వేళ మారకుండా పిల్ల వేళ మారదు, నేనా దారి సిఫారసు చేయను.

చీకటికి కూడా చిన్న అలవాటు చేయండి. సాయంత్రం గదిలో "చీకటొస్తాది... పోయింది" అంటూ లైటు ఆర్పి వెలిగించే ఆట. సొరంగం ముందు అదే మాట చెప్పి, పిల్లని మీ వైపు తిప్పుకుని చెవుల మీద అరచేతులు పెట్టండి. మీరు మాత్రం కేక వేయకండి.

డబ్బు లెక్క, తిరుగు దారి

ఐదేళ్ల లోపు పిల్లలకి రైల్లో టికెట్ అక్కర్లేదు, కానీ సీటూ ఉండదు. సీటు కావాలంటే పెద్దవాళ్ల ఛార్జీ పూర్తిగా కట్టాలి. పది పన్నెండు కిలోల పిల్లని నాలుగు గంటలు ఒళ్లో పెట్టుకోగలరా? ఒక పిల్లకి ఎత్తుకోగలిగిన పెద్దవాళ్లు ఇద్దరుండాలి, మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మ ఆ లెక్కలోకి రారు.

రైల్లో వెళ్లి అదే రోజు బస్సులో ఘాట్ దిగే ప్యాకేజీ చిన్నపిల్లలతో వద్దు. రెండేళ్ల లోపు పిల్లలకి ప్రయాణంలో వాంతులు అరుదు, రెండు దాటాకే మొదలవుతాయి. అనంతగిరి మలుపుల్లో, బొంగులో చికెన్ తిన్న సాయంత్రం, అలసిన పిల్లతో ఆ బస్సు ఎవరికీ బాగుండదు. ఒక రాత్రి అరకులో ఉండి మర్నాడు రైల్లోనే దిగండి. బొర్రా గుహల్లో మెట్లు చాలా, నేల తడి. ఎత్తుకుని దిగాల్సిన వయసులో అది వదిలేయండి.

రెండున్నరేళ్లు నిండని పిల్లలకి నేను అరకు చెప్పను. విశాఖలోనే కైలాసగిరి రైలు ఎక్కించండి. కొండ చుట్టూ తిరుగుతుంది, సముద్రం కనిపిస్తుంది, పిల్ల విసుగెత్తే లోపే అయిపోతుంది. ఇంకోసారి అని ఏడిస్తే ఇంకో టికెట్ కొనండి. పార్కులో బొమ్మ మొహాల రైలైతే ఒక్కటి చూసుకోండి. బరంపురం ఠాకురాణీ యాత్రలో పులి వేషం చూసి కెవ్వుమన్న పిల్ల, నవ్వే పెద్ద ఇంజను మొహం చూసీ అంతే అంటుంది. అలాంటి పిల్లకి వెనక పెట్టెలో చోటు చూడండి.

తీర్మానం

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, చలికాలంలో అద్దాల పెట్టె త్వరగా నిండిపోతుంది. అందుకని ప్లాట్‌ఫాం, ఒక్క స్టేషన్, టెక్కలి ప్రయాణం అంతకుముందే ముగించండి. ఆ మూడూ కుదిరితేనే బుక్ చేయండి. డిసెంబరు ఆఖరి వారం, సంక్రాంతి సెలవులు వదిలేసి వారం మధ్యలో రోజు చూసుకోండి. నిద్ర పరీక్ష బయల్దేరే ముందు వారంలో. అందులో పిల్ల లేచిపోతే అప్పుడే రద్దు చేయండి, నాలుగైదు రోజుల ముందైతే పోయేది తక్కువ.

సంచి సంగతి: రెండు జతల బట్టలు, తువ్వాలు, డైపర్లు, నీళ్లు, పెరుగన్నం, మరమరాలు, వాంతికి రెండు కవర్లు. బొమ్మ ఒక్కటే, చక్రాలు లేనిది. చక్రాలున్నది సీటు కిందకి దొర్లిపోతే నాలుగు గంటలూ దాన్ని వెతకడమే.