పెరట్లో కుంట లీకవుతోందా? తోడేసే ముందు ఓ బకెట్ పెట్టి చూడండి

మా పెరట్లో ఎనిమిది అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు కుంట ఒకటుంది. సగటున అడుగున్నర లోతు, అంటే దాదాపు రెండు వేల లీటర్లు పడుతుంది. చేపలు పెంచడానికి కాదు, కప్పలూ తూనీగలూ పిట్టలూ రావాలని తవ్వుకున్నది. మొదటిసారి లీకైంది వానాకాలంలో, నేను కంగారుపడి ఉన్న నీళ్ళన్నీ తోడేసి, చిల్లుకి అతుకు వేసి, ఆ మధ్యాహ్నమే మున్సిపల్ కుళాయికి పైపు తగిలించి అంచుదాకా నింపేశాను. తెల్లారి చూస్తే తోకకప్పలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. లీకు వాటిని ఏం చెయ్యలేదు, నేను పట్టిన నీళ్ళే చంపాయి. మీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు అసలు లీకేనా కాదా తేల్చుకోండి. మే నెల ఎండకి మన దగ్గర రోజుకి సెంటీమీటర్ దాకా నీళ్ళు ఊరికే ఆవిరైపోతాయి, మా కుంట సైజుకి సెంటీమీటర్ అంటేనే 45 లీటర్లు, మూడు బకెట్లు. అందుకని ఓ బకెట్లో నీళ్ళు పోసి కుంటలోనే ఒక మెట్టు మీదో రాయి మీదో కూర్చోబెట్టండి, బకెట్ లోపలి మట్టం, బయట కుంట మట్టం రెండూ ఒకే ఎత్తులో మార్కర్‌తో గీతపెట్టి 24 గంటలు వదిలేయండి. రెండూ సమానంగా తగ్గితే అది ఎండ పని. కుంటలో ఎక్కువ తగ్గితే లీకే. పంపు, చిన్న ఫౌంటెన్ లాంటివి ఉంటే ఆపేసి చూడాలి, ఒక్కోసారి కుంట బాగానే ఉంటుంది, లీకు ఆ పైపు జాయింట్లో ఉంటుంది.

ఇంకోటి, అంచులు చూడండి. నీళ్ళు ఇంకకుండా కుంటలో పరిచిన షీటు ఉంటుంది కదా, గడ్డి వేళ్ళూ మట్టీ దాని అంచు దాటి నీళ్ళలోకి దిగితే ఒత్తిలాగా నీళ్ళు పీల్చేసి బయటికి పంపేస్తాయి. ఒకసారి మాకు దొరికిన "లీకు" అదే, అంచు చుట్టూ మట్టి లాగేసి షీటు కాస్త పైకి లేపితే ఆగిపోయింది, పైసా ఖర్చు లేదు.

నిజంగా లీకే అయితే వెంటనే తోడకండి, దాని మానాన దాన్ని దిగనివ్వండి. నీళ్ళు ఎక్కడ ఆగితే చిల్లు ఆ ఎత్తులోనే ఎక్కడో ఉంటుంది, వెతకాల్సింది ఆ ఒక్క గీత చుట్టూ మాత్రమే. నేనైతే సూది తీసేసిన సిరంజిలో పాలు నింపుకుని నీళ్ళు కదలకుండా ఉన్న పొద్దున్నే గోడ వెంబడి ఒక్కో చుక్క మెల్లగా వదులుతా. మామూలు చోట ఆ చుక్క చిన్న మబ్బులా అక్కడే నిలబడి కరుగుతుంది. చిల్లు దగ్గర మాత్రం దారంలా సాగి గోడలోకి దూరిపోతుంది. మొన్నటిసారి ఆ తెల్ల దారం పోయి దూరింది గోరంత లేని గాటులోకి, పందికొక్కు కొరికిన గాటు. చేతులకి గ్లౌజులు వేసుకోండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు పుండ్లకి తగిలితే ఎలుక జ్వరం వస్తుంది. రాళ్ళు ఎత్తేటప్పుడు కర్రతో కదిపి ఎత్తండి. నీరుకట్ట పాము అయితే విషం ఉండదు, దాని దారిన అది పోతుంది, కానీ రాళ్ళ కింద రక్తపింజర ఉండదని మాత్రం చెప్పలేం. మోటారు ప్లగ్గు పీకేశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి.

రిపేరుకి ఫిబ్రవరి మంచిదని నా అభిప్రాయం, అప్పటికి తోకకప్పలు చాలావరకు కప్పలై వెళ్ళిపోతాయి, ఎండలు ముదరవు, బోర్లలో ఇంకా నీళ్ళుంటాయి. పాత నీళ్ళు పారబోయకండి, డ్రమ్ముల్లో పట్టి నీడన పెట్టండి. అడుగు బురద కూడా టబ్బుల్లో దాచండి, తూనీగ పిల్లలు దాంట్లోనే ఉంటాయి. తీసిన నాచు, మొక్కలు ఒక రాత్రి అంచునే వదిలేస్తే అందులోని పురుగులు తిరిగి నీళ్ళలోకి పాక్కుంటూ పోతాయి, తర్వాత మొక్కల్ని తడి గోనెసంచిలో చుట్టొచ్చు. పిట్టలకి తాగడానికి వేరే తొట్టి పెట్టడం మర్చిపోకండి.

ఇక అతకడం. రబ్బరు షీటు అయితే దానికి సరిపోయే ప్యాచ్ టేపు, సిల్పాలిన్ లాంటి పాలిథీన్ అయితే బ్యూటైల్ టేపు, దానికి ఫెవికాల్, సైకిల్ సొల్యూషన్ అస్సలు పట్టవు. చిల్లు చుట్టూ నాచు గీకి, కడిగి, బాగా ఆరాక, అన్ని వైపులా నాలుగు అంగుళాలు ఎక్కువ వచ్చేలా ముక్క కోసి మూలలు గుండ్రంగా చేసి, గాలి లేకుండా నొక్కి అతికించి ఒక రోజు ఆగండి.

సిమెంట్ కుంట అయితే పగులుని వి ఆకారంలో చెక్కి వాటర్‌ప్రూఫ్ కలిపిన మాల్ దట్టించి వారం రోజులు తడపాలి. ఇక్కడే జాగ్రత్త, కొత్త సిమెంట్ నుంచి సున్నం ఊరి నీళ్ళు ఘాటెక్కుతాయి, కప్ప చర్మం తట్టుకోలేదు. నింపి రెండు మూడు రోజులు ఉంచి పారబోయండి, అలా మూడుసార్లైనా చేసి, అక్వేరియం షాపులో దొరికే, ఆ ఘాటు కొలిచే పీహెచ్ స్ట్రిప్ ముంచి 8.5 లోపు వచ్చాకే జీవాల్ని వదలండి.

మట్టి కుంటకైతే వరి మడికి దమ్ము చేస్తాం చూడండి, అదే పని. మడిలో నీళ్ళు నిలిచేది అలా తొక్కి తొక్కి మట్టి సందులు మూసుకుపోవడం వల్లే. లీకున్న చోట బంకమట్టి వేసి తడిపి కాళ్ళతో మెత్తగా తొక్కండి, అరచేయంత మందం పొర మీద పొర. రేగడి మట్టి వాడితే మాత్రం ఆరనివ్వొద్దు, ఆరితే మళ్ళీ నెర్రెలు విచ్చుతుంది.

నింపడం దగ్గర తొందరొద్దు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీళ్ళలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి, అది మనకి మంచిదే, తోకకప్పల మొప్పలకి కాదు. మూత లేని డ్రమ్ముల్లో రెండు రోజులు ఎండకి పెడితే క్లోరిన్ పోతుంది. అక్వేరియం షాపుల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ కూడా పనిచేస్తుంది, సీసా మీద రాసినంతే వెయ్యండి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువ, షవర్‌లోంచి చిమ్మిస్తూ పట్టండి. ట్యాంకర్ నీళ్ళయితే బ్లీచింగ్ కలిపారేమో అడగండి. అన్నిటికన్నా మంచివి వాన నీళ్ళు, డాబా మీద మొదటి వానకి దుమ్ము కొట్టుకుపోయాక వచ్చేవి పట్టుకోండి. ఏ నీళ్ళైనా మధ్యాహ్నం పైన ట్యాంకులో కాగినవి పట్టొద్దు, సాయంత్రం చల్లబడ్డాక పొయ్యండి.

ముందు పాత నీళ్ళు, పాత బురద. తర్వాత రోజుకి నాలుగు వేళ్ళ ఎత్తు మాత్రమే కొత్త నీళ్ళు, ఒక ప్లేటు పెట్టి దాని మీద పడేలా, అడుగు బురద కదలకుండా. మాకు వారం పడుతుంది. దోమలొస్తాయని గంబూసియా చేపలు వదలకండి, అవి తోకకప్పల్ని కూడా తినేస్తాయి. కిరసనాయిలు అసలొద్దు. పాత బురదలో తూనీగ పిల్లలుంటే దోమ పిల్లల్ని అవే తింటాయి. చాలకపోతే బీటీఐ, అంటే దోమ పిల్లల్ని చంపే బ్యాక్టీరియా మందు, వాడొచ్చు.

ఒక వైపు రాళ్ళు మెట్లుగా పేర్చి పడ్డ ఉడతైనా ఎక్కి బయటికొచ్చే దారి ఉంచండి, చిన్న పిల్లలుంటే చుట్టూ మెష్ కట్టండి. నిండాక మళ్ళీ అదే బకెట్ అదే చోట పెట్టి గీతలు గీసి ఇంకో 24 గంటలు చూడండి.