నట్టల మందు పడని కుక్క: తప్పు మాత్రదేనా?

లక్షణం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకే తీరున మొదలవుతుంది. మాత్ర వేసిన కాసేపటికి నోటి నుంచి నురగ, సాయంత్రానికి వాంతి, మర్నాడు పలుచని విరేచనం. మూడు వారాలు తిరిగేసరికి మలద్వారం దగ్గర మళ్లీ తెల్లని గింజలు. ఈ మందు మా కుక్కకు పడదని తేల్చుకుని మరో కంపెనీ మాత్ర కొంటారు. పైన పేరు మారుతుందే గాని లోపల ఉండేవి చాలాసార్లు ఆ మూడు మందులే: ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్.

ముందు తూకం చూడండి. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేది దీన్నే. ఈ మూడూ కలిసిన మాత్ర సాధారణంగా 10 కిలోల బరువుకు ఒకటి చొప్పున వేస్తారు. కుక్కను ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి తూకం మీద నిలబడి తేడా చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. కంటి అంచనాతో వేస్తే మోతాదు ఎక్కువై కడుపు చెడుతుంది, లేదా తక్కువై పురుగు మిగిలిపోతుంది.

తరువాత, మాత్రను దేనితో వేశారో గుర్తు చేసుకోండి. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు కాబట్టి పాలలో కలిపి వేసిన మాత్ర తరువాత వచ్చే విరేచనం పాల వల్ల కావచ్చు. నెయ్యి కూడా సున్నితమైన కడుపుకు మంచిది కాదు. ప్రాజిక్వాంటెల్ బాగా చేదు. కుక్క మాత్రను కొరికితే వెంటనే చొంగ కారుస్తుంది, అది కాసేపట్లో తగ్గిపోతుంది. మెత్తగా వండిన అన్నంలో ఉడికించిన కోడిమాంసం కలిపి, చిన్న ముద్దలో మాత్రను దాచి, వెనువెంటనే మామూలు తిండి పెట్టండి. వాంతి అయితే మాత్ర బయటపడిందేమో చూసి డాక్టరుకు చెప్పండి; మీ అంతట మీరు రెండో మాత్ర వేయవద్దు.

ఇవన్నీ సరిగా ఉన్నా గింజలు తిరిగి వస్తుంటే, నన్ను మూడు నెలలు తిప్పలు పెట్టిన కారణం దగ్గరికి వచ్చారన్నమాట. వీధి నుంచి తెచ్చుకున్న ఒక కుక్కకు ఆ మూడు నెలల్లో నాలుగుసార్లు మాత్ర వేశాను. ప్రతిసారీ దాని కడుపు చెడింది, ప్రతిసారీ గింజలు తిరిగి వచ్చాయి. మలపరీక్షలో ఏమీ లేదని వచ్చినందువల్ల గింజలను నేను పట్టించుకోలేదు. ఒకరోజు అది పడుకుని లేచిన గోనె మీద దోసగింజంత తెల్లని తునక ఒకటి సాగుతూ ముడుచుకుంటూ కదలడం చూశాను. ఎండిన తరువాత అదే బియ్యపు గింజలా గట్టిపడింది. అది బద్దెపురుగు తెగి వదిలిన ముక్క. గుడ్లు ఆ ముక్కలోనే మూటకట్టి బయటికి వస్తాయి కనుక మామూలు మలపరీక్షలో తరచుగా కనిపించవు.

ఈ బద్దెపురుగు మట్టి నుంచి గాని, మురికి తిండి నుంచి గాని రాదు. ఫ్లీలనే చిన్న గంతు పురుగుల నుంచి వస్తుంది. ఫ్లీ పిల్లపురుగు ఆ గుడ్లను తింటుంది, అది పెద్దదై కుక్క ఒంటి మీదికి చేరుతుంది, దురద పుట్టి కొరుక్కునేటప్పుడు కుక్క దాన్ని మింగుతుంది. రెండు మూడు వారాల్లో పేగులో కొత్త పురుగు ముక్కలు వదలడం మొదలవుతుంది. మాత్ర తన పని చేసింది. కుక్క మళ్లీ మింగింది.

తడిపిన తెల్ల కాగితం మీద కుక్కను నిలబెట్టి తోక మొదలు దగ్గర దువ్వండి. రాలిన నల్లటి నలుసులు నీటిలో ఎర్రగా కరిగితే అది ఫ్లీల మలం, అంటే అరిగిన రక్తం. ఇక ఇంట్లోని కుక్కలన్నిటికీ, పిల్లులకూ ఒకేసారి ఫ్లీ మందు వాడాలి. కడుపు సున్నితమైన కుక్కకు మెడ మీద చర్మానికి వేసే చుక్కల మందు మేలు; అయితే పిల్లి ఉన్న ఇంట్లో పెర్మెత్రిన్ ఉన్న మందు వాడకూడదు, అది పిల్లికి ప్రాణాంతకం. పక్కబట్టలు వేడినీటితో ఉతకండి, నేల పగుళ్లు, మంచం మూలలు రోజూ ఊడ్వండి. గూడు కట్టుకున్న ఫ్లీలు నెలల తరబడి దాగి ఉండగలవు కనుక ఈ పని కనీసం మూడు నెలలు సాగాలి. చుక్కల మందు, నట్టల మందు ఒకే రోజు వేయవద్దు. వాంతి అయితే ఏది పడలేదో తెలియదు.

ఇప్పుడు మందు ఎంపిక సులువవుతుంది. దోసగింజల్లాంటి ముక్కలు వదిలే ఈ బద్దెపురుగు ఒక్కటే ఉంటే డాక్టరును అడిగి ప్రాజిక్వాంటెల్ మాత్రమే ఉన్న మందు తీసుకోండి, అనవసరమైన రెండు మందులు కడుపులో పడవు. ఏలికపాములు, కొంకిపురుగులు ఉంటే మూడు రోజులు ఇచ్చే ఫెన్‌బెండజోల్ చాలా సున్నిత కడుపులకు పడుతుంది. రోజుకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు దాని మామూలు మోతాదు. కాని అది ఈ బద్దెపురుగును చంపదు. మెతక మందు కావాలని దాన్నే ఎంచుకున్నవారు గింజలు పోలేదని వాపోవడం నేను చాలాసార్లు విన్నాను.

ఇంకొన్ని జాగ్రత్తలు. కోలీ జాతి కుక్కలకు ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఎక్కువ మోతాదులో ప్రమాదకరం. మనుషుల ఆల్బెండజోల్ కుక్కకు వేయవద్దు, ఎముక మజ్జను దెబ్బతీయగలదు. జిగురుతో కూడిన విరేచనం వారాల తరబడి ఆగకపోతే పేగులో చేరే గియార్డియా అనే సూక్ష్మజీవికి పరీక్ష చేయించండి. చిగుళ్లు తెల్లబడి, మలం తారులా నల్లగా వస్తున్న కుక్కపిల్లను మాత్రం మాత్రల కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కొంకిపురుగులు రక్తం తాగి పిల్లను రోజుల్లోనే చంపగలవు.