ఉప్పుగాలిలోనూ నిలిచే ఇంజిన్ పెయింట్

విశాఖలో బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉండేవాళ్లు బండి ఇంజిన్ కవర్ల మీద తెల్లటి పొడి పట్టడం చూసే ఉంటారు. ఉప్పుగాలి అల్యూమినియాన్ని తినేస్తోందన్నమాట. దాని మీదే రంగు కొడితే డబ్బులు దండగ, పొరలుగా లేచిపోతుంది.

కవర్ విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా రుద్దండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ చాలు. పెట్రోల్ మాత్రం వద్దు, దాని ఆవిరికే మంట అంటుకుంటుంది. కాస్టిక్ సోడా అసలే వద్దు, అది అల్యూమినియాన్నే కరిగిస్తుంది. తర్వాత 320 నంబరు ఎమరీ పేపర్‌ని తడిపి, తెల్లపొడి పూర్తిగా పోయేదాకా రుద్ది, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగండి.

ఇప్పుడు దాని మీద మంచినీళ్లు పోసి చూడండి. నీళ్లు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాలి. పలచటి పొరలా పరుచుకుంటే పోయినట్టు. ఈ పరీక్ష అయ్యేదాకా నేను పెయింట్ డబ్బా మూత తీయను.

బాగా ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవండి, ఆపైన ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. గాస్కెట్ (ఆయిల్ కారకుండా కవర్‌కీ ఇంజిన్‌కీ మధ్య పెట్టే పలచటి సీల్) కూర్చునే అంచుకి మాస్కింగ్ టేప్ వేయండి. అక్కడ రంగు పడితే ఆయిల్ కారే ప్రమాదం ఉంది.

ఇంజిన్ వేడిని తట్టుకునే స్ప్రే పెయింటే కొనండి. ఆరుబయట, మాస్క్ పెట్టుకుని, మూడు పలచటి కోట్లు కొట్టండి. మన ఊళ్లో వాన ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు, తేమకి రంగు పాలిపోతుంది. చివర్లో రంగు గట్టిపడటానికి వేడి ఎంతసేపు ఇవ్వాలో డబ్బా మీదే రాసి ఉంటుంది.