మా పిల్లగాడు, సత్తు గిన్నె

మాది మిర్యాలగూడ. ఎనిమిది నెలల పిల్లగాడు పొద్దుగాల ఐదింటికే లేస్తడు. ఎత్తుకుంటే జారుడు, దించితే ఏడుపు. కొన్న బొమ్మ ఒక్కటీ ఐదు నిమిషాలు చూడలె. ఫోన్ చేతికిద్దామంటే, ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లనే చెప్పింది.

మా అత్తమ్మ చాప పరిచి సత్తు గిన్నె, చెక్క తెడ్డు ముంగట వెట్టింది. టంగుమని కొట్టుడు, ఆగి నా మొకం చూసుడు, మళ్ల కొట్టుడు. చెవులు గింగురుమన్నా బియ్యం ఏరుకునే టైం దొరికింది. విసుగొస్తే గిన్నె మీద తువ్వాల కప్పుత, గుంజి నవ్వుతడు. మూడే వస్తువులు బయట ఉంచుత, మిగిలినయి దాస్త. వారానికి తీస్తే కొత్తయే అనుకుంటడు. చింతగింజలు, చిల్లర పైసలు మాత్రం ముందే ఊడ్వాలె; దొరికిందల్లా నోట్లకే.

పగటి నిద్ర సంగతే ఇంకా కుదరలె.