ఆండీస్ ఎముకల్లో మొక్కజొన్న జాడ తీయడం ఎలా

మొక్కలు గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరును బట్టి వాటిని సి3, సి4 అని విడదీస్తారు. ఆండీస్ కొండవాసులు పండించిన బంగాళాదుంప, కినోవా సి3 మొక్కలు, మొక్కజొన్న సి4. రెండు వర్గాల్లో కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రూపం) వాటా వేరు. ఆ తేడా తిన్నవారి ఎముకలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తిలో నిలిచిపోతుంది.

అనుమతులు చేతికొచ్చాకే ఎముకను కోయాలి. అర గ్రాము నుంచి గ్రాము గట్టి ఎముక చాలు. తొడ ఎముక చాలా ఏళ్ల తిండికి సగటు చూపిస్తుంది, పక్కటెముక చివరి ఏళ్లకు దగ్గరగా ఉంటుంది. ఒకరి తొడ ఎముకను ఇంకొకరి పక్కటెముకతో పోల్చకండి. కాలిన ఎముక అసలే వద్దు.

పైపొర గీకేసి, ముక్కను 0.5 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, రెండు రోజులకోసారి ఆమ్లం మార్చండి. బుడగలు ఆగాయని అక్కడితో ఆపితే లోపల గట్టి తెల్లటి భాగం మిగిలిపోతుంది. పట్టకారుతో నొక్కితే ముక్క రబ్బరులా వంగాలి. తొందరపడి వేడి చేస్తే ఖనిజంతోపాటు కొల్లాజెన్ కూడా కరిగిపోతుంది. మట్టి నుంచి చేరిన హ్యూమిక్ ఆమ్లాలను తొలగించడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వాడాలి. బాగా శిథిలమైన ఎముకకు మాత్రం ఇది వాడితే ఉన్న కాస్త కొల్లాజెనూ పోతుంది. శుభ్రంగా కడిగి, పీహెచ్ 3 నీటిలో 70 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచి, వడగట్టి, ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి ఆరబెట్టడం) చేయండి. తెల్లగా, దూదిలా వస్తే మంచి గుర్తు. అందులో అర మిల్లీగ్రాము తగరపు గుళికలో పెట్టి బరువును బట్టి పరమాణువులను వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇవ్వాలి.

కొలతలో వచ్చిన కార్బన్ శాతాన్ని నైట్రోజన్ శాతంతో భాగించి 1.167తో గుణించండి. 42, 15 వస్తే నిష్పత్తి 3.27. ఇది 2.9–3.6 మధ్య లేకపోతే ఆ ఫలితాన్ని వాడకండి. ఎక్కువైతే సాధారణంగా కొవ్వో, మట్టి కార్బనో కలిసినట్టే.

అసలు చిక్కు ఇక్కడి నుంచే. పూర్తిగా సి3 తిండికి కొల్లాజెన్‌లో కార్బన్-13 విలువ సుమారు −21.5 పర్ మిల్ (ప్రామాణిక నమూనాతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా అన్నది), పూర్తిగా సి4 తిండికి −7.5. అయినా −14.5 వచ్చిందని "సగం మొక్కజొన్నే" అని రాసేయకూడదు. కొల్లాజెన్ ప్రధానంగా మాంసకృత్తుల లెక్క చెబుతుంది, మొక్కజొన్నలో అవి తక్కువ. కివిచా అనే తోటకూర జాతి గింజ కూడా సి4. మొక్కజొన్న చొప్ప మేసిన లామా మాంసమూ, తీరం నుంచి వచ్చిన చేపా విలువను అటే లాగుతాయి.

నైట్రోజన్-15 (నైట్రోజన్‌లో బరువైన రూపం) ఆహార గొలుసులో మెట్టుకు 3–5 పర్ మిల్ పెరుగుతుంది. పేడ వేసిన పొలం పంటలోనూ అది పెరుగుతుంది, సముద్రపక్షుల రెట్ట ఎరువైతే మరీ ఎక్కువ. మాంసం తిన్నారని పొరబడతారు. పాలు తాగే పసివాళ్లలోనూ అంతే. అందుకే అదే తవ్వకంలో దొరికిన లామా, గినీ పంది ఎముకలనూ కొలవండి. నేటి మొక్కలను పోలికకు తీసుకుంటే, శిలాజ ఇంధనాల పొగ గాలి కార్బన్‌ను మార్చినందుకు వాటి కార్బన్ విలువకు కనీసం 1.5 కలపాలి.